వచ్చిందా, పోయిందా? కథ చెప్పేటోడు ఎక్కడ నిలబడ్డడు

వాడల నుంచి చదువు – 11వ భాగం



పోయిన వారం డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు ఒక పని చెప్పిన. "మీ ఇంట్లో పెద్దోళ్ల గురించి ఒక పేజీ రాసుకొని రండి. ఎవరికో ముచ్చట చెప్పినట్టు రాయండి" అన్న. చాలామంది రాసుకొచ్చిన్రు. అందులో ఒక పిల్ల రాసిన పేజీ ఇట్ల మొదలైంది:

"మా నాయినమ్మ రోజూ తెల్లవారక ముందే గడికి వచ్చేది. వాకిలి ఊడ్చి అలుకు చల్లేది. దొరసాని లేచేదాకా వెనక గుమ్మం దగ్గర నిలబడేది. దొరసాని రాత్రి మిగిలిన అన్నం పెడితే కొంగులో పట్టుకొని వెళ్లిపోయేది."

మంచిగ రాసింది. ఒక్క అక్షరం తప్పు లేదు. చదువుతుంటే నా కడుపులో దేవినట్టయింది. అయినా ఆ పిల్లను ఒక మాట అడిగిన.

"బిడ్డా, ఈ ముచ్చట చెప్పేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డవు?"

"మా ఇంట్లనే సార్."

"ఇంట్ల ఉన్నదానివైతే నాయినమ్మ గడికి వస్తదా, పోతదా?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వలే. కాగితం దిక్కు చాలాసేపు చూసి, మెల్లగ అన్నది: "పోతది సార్. నేను గడిలో నిలబడి చూసిన."

ఆ పిల్ల గడి లోపలికి ఎన్నడూ అడుగు పెట్టలే. ఆమె పుట్టేనాటికే ఆ గడి కూలిపోయి చెట్లు మొలిచినయి. అయినా కలం పట్టంగనే పోయి ఆ గడి గుమ్మంలోనే నిలబడ్డది. ఎందుకు? ఒకటో తరగతి నుంచి చదివిన పాఠాలు, కథలు అక్కడ నిలబడే చూడమని నేర్పినయి. పనిమనిషి లోపలికి "వస్తది", పని అయినంక "వెళ్లిపోతది". వచ్చేటందుకు ముందు ఆమె ఎక్కడ ఉంటదో, పోయినంక ఏం చేస్తదో ఆ కథలకు పట్టదు.

ఇయ్యాల నేను చెప్పదలచుకున్నది దీని గురించే. పరీక్షల్లో దీన్ని "దృష్టికోణం" అంటరు. ఐదు మార్కుల ప్రశ్న. ఉత్తమ పురుష కథనం, ప్రథమ పురుష కథనం, సర్వసాక్షి కథనం అని మూడు రకాలు రాసి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ ఇస్తే మార్కులు పడతయి. అది తప్పని అంటలేను. కథా నిర్మాణం తెలుసుకోవాలంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' తప్పకుండా చదవండి. కానీ "నేను" అన్నడా, "అతను" అన్నడా అని చూసి ఆగిపోతే మనకు అందేది సగమే. పైన ఆ పిల్ల "మా నాయినమ్మ" అని సొంత మనిషి లెక్కనే రాసింది. చూపు మాత్రం దొరసానిది.

తెలుగులో కథ చెప్పేటోడు దాచుకోవాలన్నా దాగలేడు. మన భాష పట్టిస్తది. ఎట్లనో చూడండి.

మొదటిది ఇప్పుడే చెప్పిన రాకపోకల మాట. వచ్చిండు, పోయిండు అన్నప్పుడు చెప్పేటోడు ఏ దిక్కున ఉన్నడో తెలిసిపోతది.

రెండోది సర్వనామం. ఇంగ్లీషులో రాజుకైనా జీతగానికైనా ఒకటే సర్వనామం సరిపోతది. తెలుగులో అట్ల కుదరదు. వాడు, అతను, ఆయన, వారు; అది, ఆమె, ఆవిడ. వీటిలో ఒకటి ఎంచుకోకుండా వాక్యం ముందుకు పోదు. ఎంచుకున్నవంటే ఎదుటి మనిషికి ఒక మెట్టు కేటాయించినట్టే. రేపు పొద్దున పేపరు తీసి చూడండి. నాయకుడు "ఆయన పేర్కొన్నారు" అయితడు. అదే పేజీలో కింద, బాయి పూడిక తీస్తూ సచ్చిపోయిన కూలీ "అతడు మృతి చెందాడు" అయితడు. ఏ పక్షం లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్తున్న అనే రచయిత మన భాషలో మొదటి సర్వనామం కాడనే దొరికిపోతడు.

మూడోది మనం, మేము. వినేటోన్ని కలుపుకుంటే మనం, వదిలిపెడితే మేము. "మన ఊరి బాయి" అని పాఠంలో రాస్తే, ఆ బాయిల చేద వేయనియ్యని వాళ్లను కూడా ఆ "మన"లో కలిపేసినట్టే. కలిపినట్టు వాళ్లకు తెలవది, అడిగినోడు కూడా లేడు.

ఈ మూడు మాటలు చేతిలో పట్టుకొని మన సాహిత్య చరిత్రను ఒకసారి నడిచి చూద్దాం.

మొదలు పుస్తకాల కాడ పెట్టకూడదు. మన కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ ఊర్లలో చిందోళ్లు ఆడే భాగోతం కాడ పెట్టాలె. చిందోళ్లకు మాదిగ వాడల మీద మిరాశి ఉంటది. ఆడోళ్లు కూడా వేషం కట్టే భాగోతం అది. చిందు ఎల్లమ్మ మగ వేషాలు వేసి మెప్పించింది. వాళ్లు చెప్పే జాంబపురాణంలో ఆది జాంబవుడు భూమి పుట్టక ఆరు నెలల ముందే పుట్టిండు. అందులో బ్రాహ్మణునికీ జాంబవునికీ వాదం నడుస్తది. ఎవరు ముందు, ఎవరు పెద్ద, ఎవరు ఎవరికి ఏం చేసిపెట్టిన్రు అని సవాలు, జవాబు.

దీన్ని మూఢనమ్మకమని కొందరు తీసేస్తరు. నేను దాన్ని ఒక చూపు లెక్క చదువుత. వర్ణాల కథ చెప్పేటోడు తల నుంచి లెక్క మొదలుపెట్టి పాదాల కాడ ఆపిండు. మనల్ని లెక్కలోనే వేయలే. జాంబపురాణం చెప్పేటోడు ఆ లెక్కతో కొట్లాడుకుంట కూసోలే. ఆ లెక్క మొదలుకాక ముందటికి పోయి నిలబడ్డడు. ఇంకా భూమే లేదు, మనిషి ఒంటి మీద మెట్లు ఎక్కడివి? అక్కడ నిలబడి చూస్తే బ్రాహ్మణుడు తర్వాత "వచ్చిన" మనిషి అయితడు.

ఇదే పనిని 1917లో బెజవాడలో ఇంకో తీరుగ చేసిన్రు. "ప్రథమాంధ్ర దేశ పంచమ మహాసభ" అని పేరు పెట్టి పిలిచిన సభకు హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మ పోయి అధ్యక్షత వహించిండు. 1906లోనే జగన్ మిత్ర మండలి పెట్టి పనిచేస్తున్న మనిషి. పంచములు అనే మాటనే ఆయన ఒప్పుకోలే. ఈ నేల మీద మొదటి నుంచి ఉన్నోళ్లం మేము, ఆది ఆంధ్రులం అన్నడు. సభ పేరు మారింది. పంచముడు అంటే ఐదోవాడు. ఐదు అని లెక్కపెట్టినోడు ఎవరు? ఒకటి ఎక్కడ మొదలుపెట్టిండు? ఆది అంటే మొదలు. మనిషి అదే మనిషి, వాడ అదే వాడ. లెక్కపెట్టేటోడు మారిండు. జాంబపురాణం విన్న తాతలకు ఈ మాట కొత్తగ అనిపించి ఉండదు.

అచ్చయిన పుస్తకాల దిక్కు వస్తే, 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చింది. జైలులో ఉండి రాసిండు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక మాల కుటుంబాన్ని, రామదాసును, సంగదాసును నవల నడుమ కూసోబెట్టడం ఆ కాలంలో చిన్న సంగతి కాదు. దాని విలువ తక్కువ చెయ్యొద్దు. అయినా విద్యార్థిగ ఒక ప్రశ్న అడగాలె: ఈ కథ ఎవరికి చెప్తున్నడు? ఎవరి మనసు కరగాలని చెప్తున్నడు? రామదాసు అంత సాధువు, అంత వేదాంతి కాకపోతే, తాగి తిట్టే మామూలు మనిషయితే, ఆనాటి చదువరి ఆయన కోసం కన్నీళ్లు పెట్టునా? మంచోడని రుజువు చేసుకున్నంకనే మనిషిగ గుర్తించే చూపు అది. మాలపల్లిలో మనోడు కథానాయకుడైండు. కథకుడు ఇంకా కాలే.

1941లో జాషువా 'గబ్బిలం'తో ఒక అడుగు ముందుకు పడ్డది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్య కోసం మేఘాన్ని పంపిండు. జాషువా కావ్యంలో అంటరాని మనిషి కాశీలో ఉన్న శివుని కాడికి గబ్బిలాన్ని పంపుతడు. ఎందుకు గబ్బిలం? గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గుడి చూరుకు వేలాడే గబ్బిలానికి ఉన్నది. కావ్యం మొదట్లో కవి ఆ మనిషిని మనకు చూపిస్తడు. తర్వాత పక్కకు జరుగుతడు. అప్పటి నుంచి ఆ మనిషే మాట్లాడుతడు. కవి పక్కకు జరగడం అనే ఆ చిన్న కదలికను గుర్తుపెట్టుకోండి. చూపించబడే మనిషి అక్కడ చూసే మనిషి అయితడు. దేశాన్ని, దేవున్ని, కులాన్ని ఆయన కండ్లతోని మనం చూస్తం.

ఇప్పుడు మన జిల్లాలకు వస్త.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమును చంపిన్రు. ఆ కథను ఎంతమంది ఎన్ని చోట్ల నిలబడి చెప్పిన్రో చూడండి. నిజాం సర్కారు చూపులో అది శాంతిభద్రతల సమస్య. ఆ తర్వాత సర్కారే గోండుల సంగతి చూడమని హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను పెట్టుకున్నది. ఆయన మార్లవాయిలో గోండులతో కలిసి ఉన్నడు, వాళ్ల భూముల మీదికి బయటోళ్లు ఎట్ల వచ్చిపడ్డరో చూసిండు, 1945లో నివేదికలు అచ్చువేసిండు. అక్కడ గోండు పిల్లలకు గోండి భాషలో చదువు మొదలయ్యేటట్టు చూసిండు. ఆయన చూపు పోలీసు చూపు కాదు, దానికంటే చాలా దగ్గరిది. కానీ ఆ నివేదిక చదివేది ఎవరు? సర్కారు. అందుకే అది గోండుల కోసం మాట్లాడింది, గోండులతో మాట్లాడలే.

1983లో సాహు, అల్లం రాజయ్య కలిసి 'కొమురం భీము' నవల రాసిన్రు. ఇద్దరూ గోండులు కారు. ఆ నవల వెనక రెండు సంగతులు ఉన్నయి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. దొరల గడుల మీదికి పాలేర్లు, కూలీలు కదిలిన్రు. అదే ఏడు అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు పోతున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. సర్కారు లెక్కలో 13 మంది. పౌరహక్కుల సంఘాలు, జనం చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. అంకె కూడా ఒక దృష్టికోణమే అని మాకు ఇంద్రవెల్లి నేర్పింది. చచ్చినోళ్లను లెక్కపెట్టేటోడు స్టేషన్‌లో కూసోని లెక్కపెడితే ఒక అంకె, గూడేలలో ఇంటింటికీ తిరిగి ఎవరు రాలేదో అడిగితే ఇంకో అంకె.

ఆ నవల గోండు గూడెంలో నిలబడి చూసే ప్రయత్నం చేసింది. ఇక్కడ నాకు ఒక మాట అనాలని ఉన్నది. మనలో కొందరు "దళితుని కథ దళితుడే రాయాలె, గోండు కథ గోండే రాయాలె" అని గీత గీస్తరు. ఆ కోపం నాకు అర్థమైతది. కానీ పుట్టుక ఒక్కటే చూపును ఇయ్యదు. నా క్లాసు పిల్ల వాడలోనే పుట్టింది, గడిలో నిలబడి రాసింది. వాడలో పుట్టనోడు వాడకు వచ్చి నిలబడొచ్చు కూడా. కాకపోతే దానికి ఖర్చు ఉంటది. ఆ మనుషుల కాడ ఉండి నేర్చుకోవాలె, తనకు తెలవనిది ఎంతో తెలుసుకోవాలె, తనోళ్ల కోపం భరించాలె. అది కట్టకుండా "వాళ్ల బాధ నాకు తెలుసు" అంటే నమ్మకండి.

1985 జూలై 17 కారంచేడు. 1991 ఆగస్టు 6 చుండూరు. ఈ రెండు తేదీల తర్వాత తెలుగు సాహిత్యంలో సర్వనామాలు మారినయి. అప్పటిదాకా పేదలు, బడుగులు, కూలీలు అనే మాటల కింద దాగిన మనిషి "నేను మాలను", "నేను మాదిగను" అని ఉత్తమ పురుషలో లేచి నిలబడ్డడు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం ఆ గొంతులను ఒక్క కాడ చేర్చింది. కవిత్వంలో "నేను", "మేము" అనే మాటలకు కులం ఉన్నదని చదువరికి తెలిసింది. "మేము" అన్నప్పుడు తాను అందులో లేనని మొదటిసారి తెలిసిన చదువరికి కోపం కూడా వచ్చింది. వందల ఏండ్లు "మన" అనే మాటలో మనం లేకపోతే ఎవరికీ కోపం రాలే.

2000లో వచ్చిన రెండు నవలలను విద్యార్థులు పక్కపక్కన పెట్టి చదవాలె. ఒకటి వేముల ఎల్లయ్య 'కక్క'. చాలా తెలుగు కథల్లో పాలేరు మాట్లాడితే కొటేషన్ గుర్తుల నడుమ యాస ఉంటది. గుర్తులు మూసుకోంగనే రచయిత శుద్ధమైన తెలుగులోకి తిరిగిపోతడు. పాలేరు అక్కడ చిన్న కంచెలో ఉన్నట్టు ఉంటడు. ఎల్లయ్య ఆ కంచె తీసేసిండు. నల్లగొండ మాదిగ వాడ భాషే మొత్తం కథ చెప్తది. కొరుకుడు పడలేదని కొందరు పక్కకు పెడతరు. మా తాతలకు గ్రాంథికం కొరుకుడు పడిందా?

రెండోది జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'. రూతు యాది చేసుకుంటుంటే కథ నడుస్తది. తను ఎన్నడూ చూడని ఎల్లన్న గురించి, రూబేను చెప్తే విన్నది ఆమె మనకు చెప్తది. పాఠం ప్రకారం చూస్తే చూడని సంగతి సాక్షి ఎట్ల చెప్తది అనే ప్రశ్న వస్తది. మనకు ఉన్న చరిత్ర అట్లాంటిదే. మన తాతల పేర్లు శాసనాల్లో లేవు, పట్టాల్లో లేవు. ఎవరో చెప్తే విని, ఇంకొకరికి చెప్పిన నోటి మాటలో ఉన్నయి. రూతు యాది మన దఫ్తరు.

దూరం దేశంల కూడా ఇదే గొడవ నడిచింది. 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగ తన బతుకు తానే రాసిండు. ఆయనే రాసిండని పుస్తకం పేరులోనే చెప్పుకోవలసి వచ్చింది. అయినా ముందు పేజీల్లో ఇద్దరు తెల్లోళ్లు, ముందుమాటతో ఒకరు, ఉత్తరంతో ఒకరు, సాక్ష్యం చెప్పిన్రు. మన పిల్లలు ఇయ్యాల కవిత్వం అచ్చువేసుకొని ముందుమాట కోసం ఎవరి ఇంటి ముందు నిలబడుతున్నరో చూస్తే, ఆ సంగతి నాకు యాదికొస్తది.

ఇంతవరకు మనల్ని చూసినోళ్ల గురించి చెప్పిన. ఇప్పుడు మన చూపు గురించి.

1994లో మాదిగ దండోరా మొదలైనప్పుడు దళిత "మేము" నిలువునా చీలిందని కొందరు బాధపడ్డరు. ఆ "మేము"లో మా వంతు ఎంత అని అడగడం చీల్చడమా? దళిత ఆడోళ్లు కూడా అదే అడిగిన్రు. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' సంకలనం తెచ్చినప్పుడు, మన "నేను" ఎక్కువగ మగోని "నేను" అని తెలిసింది. జూపాక సుభద్ర రాసినయి చదివితే, పొలం కాడ దొరతో, ఇంటి కాడ మొగనితో కొట్లాడే మనిషికి ఒక్క చూపు సరిపోదని తెలుస్తది.

ఇంకో మాట చెప్తే మనకే నొప్పి పుడతది. మాదిగల గొప్పతనం కథగ చెప్పేటోళ్లలో డక్కలోళ్లు కూడా ఉన్నరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వస్తే మనమంతా ఫోటోలు పెట్టుకున్నం. ఆయన ఆ కులపాయనే. పెద్ద మాదిగ అని మనల్ని పిలుచుకుంట, మన పుట్టుక భూమికంటే ముందని చెప్పిన ఆ మనుషులను మన తాతలు ఎక్కడ కూసోబెట్టిన్రు? మన వాడ లోపలికి రానిచ్చిన్రా? మనల్ని ఊరవతల పెట్టిన్రని ఏడ్చిన మనం వాళ్లను వాడవతల పెట్టినం. ఆదిలాబాద్ గోండు గూడేలలో కిక్రి వాయించుకుంట గోండుల పుట్టుక కథ చెప్పే ప్రధాన్లను కూడా గోండులు తమకంటే ఒక మెట్టు కిందనే చూసిన్రు. కథ చెప్పేటోడు ఉన్నడు, ఆయన కథ మాత్రం లేదు. డక్కలాయన మన వాడకు "వచ్చిండు" అని మనం రాస్తం. ఆయన గుడిసె కాడ నిలబడి, "పోయిండు" అని రాసేది ఎవరు? డక్కలి పిల్లలు డిగ్రీ క్లాసులకు వచ్చేదాకా ఆ వాక్యం కోసం ఆగవలసిందే. వాళ్లు వచ్చేటట్టు చేసే పని మాత్రం మనది.

మళ్ల నా క్లాసు పిల్ల కాడికి వస్త. "వచ్చేది" కొట్టేసి "పోయేది" అని రాసుకొని రా అన్న. ఒక్క మాటే గదా, రెండు నిమిషాల పని అనుకున్న. వారం పట్టింది.

ఎందుకంటే "నాయినమ్మ గడికి పోయేది" అని రాయంగనే తర్వాతి వాక్యం ఆగిపోయింది. ఆమె పోయినంక ఇంట్ల ఎవరున్నరు? పాలు తాగే పిల్లను ఎవరు పట్టుకున్నరు? పోయేముందు పొయ్యి ముట్టించిందా? ఆ పిల్లకు తెలవదు. గడిలో ఏం జరిగేదో పుస్తకాలు చదివి రాయగలిగింది. సొంత ఇంట్ల ఏం జరిగేదో రాయడానికి మేనత్తకు ఫోన్ చేయవలసి వచ్చింది. మేనత్త గంటసేపు మాట్లాడిందట. మధ్యల ఏడ్చిందట. ఇన్నేండ్లకు ఇంట్లోళ్లు ఎవరూ అడగలేదన్నదట.

రెండోసారి రాసిన పేజీలో దొరసాని పేరు ఒక్కసారే వచ్చింది. మిగిలిందంతా ఇల్లే. ఆరేండ్ల మేనత్త, చంకల నెలల తమ్ముడు, చీకటిల గటుక కుండ, నాయినమ్మ అడుగుల చప్పుడు కోసం చూసుకుంట కూసున్న ఇద్దరు పిల్లలు. ఆ పేజీలో చివరి వాక్యంలో "వచ్చింది" అనే మాట ఉన్నది. నాయినమ్మ ఇంటికి వచ్చింది.

మీకు కూడా అదే పని చెప్తున్న. ఎన్నడో రాసి పెట్టుకున్న కథ, కవిత, రిపోర్టు ఏదైనా తీయండి. వచ్చిన, పోయిన మాటల కింద గీత గీయండి. వాడు, అతను, ఆయన ఎవరికి పడ్డయో చూడండి. "మన" అన్న ప్రతి కాడ ఎవరు బయట మిగిలిన్రో అడగండి. ఒక్క మాట మార్చి చూడండి. మార్చినంక ముందుకు పోలేకపోతే భయపడకండి. ఇంట్లో పెద్దోళ్లు ఇంకా ఉన్నరు, పోయి అడగండి. వాళ్లు ఉన్నప్పుడే అడగండి.

వచ్చే భాగంలో జాంబపురాణం సవాలు జవాబుల గురించి వివరంగ మాట్లాడుకుందాం. మీ ఊర్లలో చిందు భాగోతం చూసినోళ్లు ఉంటే, వాళ్ల యాదిలో ఉన్నది రాసి పంపండి.

జై భీమ్.